వాజిద్ అలీ షా: మెటియాబ్రుజ్ నాటక రచయిత

వాజిద్ అలీ షా (1822–1887) అవధ్ రాజ్యానికి చివరి పాలకుడు, ఉర్దూ, పర్షియన్, బ్రజ్ భాషలలో రచనలు చేసిన కవి, తుమ్రీ కర్త, నృత్య శాస్త్రకారుడు, అన్నిటికంటే ముఖ్యంగా తన నాటకాలను తానే రాసి, నటులకు తానే తర్ఫీదునిచ్చి, రంగస్థలం మీదికి తానే ఎక్కించిన ప్రదర్శన రచయిత. 1856లో ఈస్టిండియా కంపెనీ ఆయన రాజ్యాన్ని కలుపుకొన్న తరువాత, జీవితంలో మిగిలిన 31 సంవత్సరాలలో ఎక్కువ భాగం కలకత్తాకు నైరుతి శివారున హుగ్లీ ఒడ్డునున్న మెటియాబ్రుజ్‌లోనే గడిపారు. పాలకుడిగా ఆయన మీద వెలువడిన పుస్తకాలతో పోలిస్తే రచయితగా వెలువడినవి తక్కువ. వాటిలోనూ ఎక్కువ భాగం లక్నో యౌవనం చుట్టూ తిరిగేవే. రచనా జీవితానికి కావలసిన తీరిక, అచ్చుయంత్రం, స్థిరమైన నటబృందాలు ఆయనకు ఒకేచోట సమకూరింది మాత్రం మెటియాబ్రుజ్‌లోనే.

లక్నో దశ

వాజిద్ అలీ 1822 జులై 30న లక్నోలో జన్మించారు. తండ్రి అమ్జద్ అలీ షా 1842లో గద్దెనెక్కగానే యువరాజు అయ్యారు, 1847 ఫిబ్రవరిలో రాజయ్యారు. ‘అఖ్తర్’ అనే కలం పేరుతో (ఉర్దూ కవులు గజల్ చివరి చరణంలో పెట్టుకొనే ఈ పేరును తఖల్లుస్ అంటారు) చిన్నతనం నుంచే కవిత్వం అల్లారు. యువరాజుగా ఉన్న రోజుల్లోనే ‘పరీఖానా’ పేరుతో ఒక నృత్య, సంగీత శిక్షణాలయాన్ని నెలకొల్పి, అక్కడ చేరిన యువతులకు ఉస్తాదుల చేత పాట, ఆట నేర్పించారు. వారికి ‘పరీ’ అనే మాట చేర్చి కొత్త పేర్లు పెట్టారు. ఆ రోజుల ప్రణయాలను దాపరికం లేకుండా చెప్పుకొన్న ఆత్మకథ ‘ఇష్క్‌నామా’. దాని చిత్రిత ప్రతి నేడు ఇంగ్లండ్‌లో విండ్సర్ రాజగ్రంథాలయంలో ఉంది. రాజుగారి పరువుకు భంగమని ఆనాటి వారికీ తరువాతి వారికీ తోచిన ఆ పుస్తకమే, 19వ శతాబ్దపు మధ్యలో ఒక ఉత్తర భారత నటబృందం ఎలా తయారయిందో లోపలినుంచి చెప్పే అరుదైన ఆధారం కూడా.

1843లో ఆయన రాసి ఆడించిన ‘రాధా కన్హయ్యా కా కిస్సా’ ఉర్దూ రంగస్థల చరిత్రలో కీలకమైన కృతి. దీనిని ‘రహస్’ అనే ప్రక్రియగా పేర్కొంటారు. వ్రజభూమిలో కృష్ణలీలలను ఆడే రాసలీల సంప్రదాయాన్ని తీసుకొని, దానికి కథక్ అడుగులు, దర్బారు దుస్తులు, పర్షియన్ కథల్లోని పరీలు, భూతాలు జోడించి ఆయన రూపొందించిన నృత్యనాటకమే రహస్. ఒక జోగిని కోరిక తీర్చడానికి పరీలు రాధగా, కన్హయ్యగా మారి ఆడటం దీని చట్రం, అంటే నాటకంలో నాటకం. కన్హయ్య సహా ముఖ్యపాత్రలను పరీఖానా స్త్రీలే ధరించారు. షియా ముస్లిం యువరాజు కృష్ణకథను రంగస్థలానికి ఎక్కించడం నేటి పాఠకుడికి వింతగా తోచవచ్చు గాని, హోలీ పాటలు, వసంతోత్సవాలు దర్బారు జీవితంలో భాగమైన ఆనాటి లక్నోలో అది వింత కాదు.

ఈ కిస్సాలో హాస్యానికి ఒక పాత్ర ప్రత్యేకంగా కేటాయించబడింది. రామ్‌చెరా అనే సేవకుడు ప్రేమికుల మధ్య రాయబారాలు నడుపుతూ, మాటకు మాట విరుస్తూ, ఉదాత్తమైన ఘట్టాన్ని నేలమీదికి దించుతూ ఉంటాడు. సంస్కృత నాటకంలో విదూషకుడు, తోలుబొమ్మలాటలో కేతిగాడు చేసే పనినే రామ్‌చెరా ఇక్కడ చేస్తాడు. నాటకంలో సింహభాగం పాటలది, నృత్యానిది కాగా, వచన సంభాషణ బతికి బట్టకట్టింది ప్రధానంగా ఈ హాస్యపాత్ర నోటనే అనవచ్చు.

రాజయిన తరువాత ఆయన తన మస్నవీలను (జంట చరణాలలో సాగే దీర్ఘ కథాకావ్యాలను) రంగస్థలానికి మలిచారు. వాటిలో ‘దరియా-యె-తఅష్షుఖ్’ ప్రదర్శన ఒక్క రాత్రితో ముగియక విడతలు విడతలుగా సాగింది. కైసర్‌బాగ్ ప్రాసాదంలో ఏటా జరిపిన ‘జోగియా మేళా’కు కాషాయ వస్త్రం కట్టుకొన్న వారెవరైనా రావచ్చుననే నియమం పెట్టారు, అదుగో ఆ ఒక్కరోజు ప్రేక్షకులు కూడా వేషధారులే. ఈ వాతావరణంలోనే ఆగా హసన్ అమానత్ 1853 ప్రాంతంలో ‘ఇందర్ సభ’ రాశారు. ఇది దర్బారు నాటకమనీ, ఒక ఫ్రెంచి అతిథి చెప్పిన ఆపెరా వివరాలు విని రాజు రాయించాడనీ, రాజే ఇంద్రుడి వేషం కట్టాడనీ చాలాకాలం ప్రచారంలో ఉండేది. లక్నో పండితుడు మసూద్ హసన్ రిజ్వీ అదీబ్ ఈ కథనాలను ఆధారాలతో తోసిపుచ్చారు. ‘ఇందర్ సభ’ ఊరి జనం కోసం పుట్టిన నాటకం, రహస్ కోట లోపలిది. ఒకదాని గాలి మరొకదానికి సోకిందన్నంత వరకే నిజం.

రాజ్యం పోవడం

1849 నుంచి లక్నోలో రెసిడెంటుగా (దర్బారులో కంపెనీ ప్రతినిధిగా) ఉన్న విలియం స్లీమన్ రాసిన నివేదికలలో రాజు పాటగాళ్లతో కాలం వృథా చేసేవాడుగా కనిపిస్తాడు. 1856 ఫిబ్రవరిలో గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆదేశాల మేరకు రెసిడెంట్ జేమ్స్ ఔట్రమ్ కొత్త ఒప్పందాన్ని ముందు పెట్టినప్పుడు వాజిద్ అలీ తలపాగా తీసి ఆయన చేతిలో పెట్టారే గాని సంతకం చేయలేదు. దుష్పరిపాలన ఆరోపణలతో బ్రిటిష్ ప్రభుత్వం వెలువరించిన ‘బ్లూ బుక్’కు (పార్లమెంటుకు సమర్పించే అధికార పత్రాల సంపుటికి) ఆయన పేరున ప్రతివాదం కూడా అచ్చయింది. పాదరక్షలు తొడిగే నౌకరు లేక పారిపోలేక పట్టుబడ్డాడని నేటికీ చెప్పుకొనే పిట్టకథకు ఈ క్రమంలో చోటే లేదు. రాజ్యం పోయిన నెలకు పైగా లక్నోలోనే ఉండి, మార్చి నడుమ తల్లితో, పరివారంతో బయలుదేరి, కాన్పూర్, అలహాబాద్, బనారస్ మీదుగా మే నెలలో ఆయన కలకత్తా చేరారు.

లండన్ వెళ్లి విక్టోరియా రాణికి మొరపెట్టుకోవాలన్నది మొదటి ఆలోచన. ఆరోగ్యం సహకరించక తాను ఆగి, తల్లి మలికా కిష్వర్‌ను, తమ్ముడు సికందర్ హష్మత్‌ను, ఒక కుమారుడిని పంపారు. రాణి దర్శనమైతే దొరికింది గాని, ఈలోగా 1857 తిరుగుబాటు చెలరేగడంతో మొర అక్కరకు రాలేదు. తిరిగివస్తూ తల్లి 1858 జనవరిలో పారిస్‌లోనూ, మరుసటి నెలలో తమ్ముడు లండన్‌లోనూ మరణించారు. ఇద్దరినీ పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానంలోనే ఖననం చేశారు. అప్పటికి వాజిద్ అలీ ఫోర్ట్ విలియం కోటలో బందీ. లక్నోలో ఆయన విడిచివచ్చిన బేగం హజ్రత్ మహల్ కొడుకు బిర్జీస్ ఖద్ర్‌ను గద్దెనెక్కించి తిరుగుబాటు నడిపింది. తిరుగుబాటుతో సంబంధం ఉందన్న అనుమానంతో 1857 జూన్‌లోనే నిర్బంధించిన వాజిద్ అలీని 1859 జులైలో గాని విడిచిపెట్టలేదు. ఆ రెండేళ్ల అనుభవం ‘హుజ్న్-ఎ-అఖ్తర్’ అనే మస్నవీ అయింది. దూరాన ఉన్న బేగంలకు పద్యగంధమున్న వచనంలో లేఖలు రాశారు. రాజ్యం, తల్లి, తమ్ముడు, స్వేచ్ఛ అన్నీ రెండేళ్ల వ్యవధిలో పోయిన మనిషి తరువాతి దశాబ్దాల్లో హాస్యఘట్టాలు కూర్చడానికి కూర్చున్నాడన్నది ఆయన జీవితచరిత్రలో తేలికగా దాటిపోయే విషయం కాదు.

మెటియాబ్రుజ్ రంగస్థలం

గార్డెన్ రీచ్‌గా ఆంగ్లేయులు పిలిచిన హుగ్లీ తూర్పు ఒడ్డు అంతకుముందు కంపెనీ పెద్దల తోట బంగళాలకు పేరుపొందింది; ఆ పక్కనే ఉన్న మట్టి బురుజు పేరుమీద మెటియాబ్రుజ్ అనే పేరు ఏర్పడింది. అక్కడి బంగళాల్లో స్థిరపడిన వాజిద్ అలీకి ప్రభుత్వం ఏటా 12 లక్షల రూపాయల భరణం ఏర్పాటుచేసింది. మొదట తీసుకోనన్న ఆయన విడుదల తరువాత అంగీకరించారు. ఆ సొమ్ముతో, అది చాలక చేసిన అప్పుతో, మెటియాబ్రుజ్‌లో చిన్న లక్నో లేచింది: సుల్తాన్‌ఖానా వంటి మందిరాలు, 1864లో కట్టిన సిబ్తైనాబాద్ ఇమాంబారా (మొహర్రం శోకసభలు జరిగే భవనం), పులులు, పాములు, వేలాది పావురాలు ఉన్న జంతుశాల, వంటవాళ్లు, దర్జీలు, గాలిపటాలు చేసేవాళ్లు, హకీములు. బాల్యంలో పదేళ్ల పాటు అక్కడ పెరిగిన ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్ ‘గుజిష్తా లక్నో’ గ్రంథంలో ఈ ఊరి వర్ణన చేశారు. కలకత్తా బిరియానీలో ఆలుగడ్డ ఈ వంటశాలల నుంచే వచ్చిందన్నది ప్రసిద్ధమైన నమ్మకం. అది డబ్బు లేకనా, కొత్త రుచి కోసమా అన్న వాదం భోజనప్రియులకు వదిలివేయదగినది.

రచయితగా ఆయనకు ఇక్కడ దక్కిన అసలు సదుపాయం ‘మత్బా-ఎ-సుల్తానీ’ అనే సొంత ముద్రణాలయం. రాసినది ప్రచురణకర్త కోసం ఆగకుండా అచ్చయ్యేది. ఈ అచ్చు పుస్తకాలలో అతి విలువైనది 1877 నాటి ‘బానీ’. స్వరం, తాళం, నృత్యం గురించిన శాస్త్రచర్చ, తన పాటలు, రహస్‌ల ఆట విధానం, వాటిని ఆడిన స్త్రీ బృందాల పట్టీ, వారికి నేర్పిన ఉస్తాదుల వివరాలు ఒకేచోట ఇందులో ఉన్నాయి. రహస్‌ల భాగం చదివితే ఇది కావ్యంగా గాక, ఆటకు సిద్ధం చేసిన ప్రతిలా కనిపిస్తుంది: ఎందరు నిలబడాలి, ఎవరు ఎవరి చేయి పట్టుకోవాలి, పైట ఎటు తిరగాలి, ఏ పాటకు వరుస విడిపోవాలి అన్నవి వరుసగా చెప్పబడతాయి. మన వీధి భాగవతుల వద్ద ఇటువంటి వివరం తరతరాలుగా గురువు నోటినుంచి శిష్యుడికి చేరిందే గాని కాగితం మీదికి ఎక్కింది తక్కువ. రాజు స్వయంగా రంగస్థల నిర్వాహకుడు కావడం వల్లే ఇక్కడ అది అచ్చుదాకా వెళ్లింది. బృందాలకు వారు ధరించే నగను బట్టి, వేషాన్ని బట్టి, ఉండే మందిరాన్ని బట్టి పేర్లుండేవి: నథ్‌వాలీలు (ముక్కెర ధరించేవారు), ఘూంఘట్‌వాలీలు (మేలిముసుగు వేసుకొనేవారు), రాధామంజిల్‌వాలీలు. వీరితో పాటు పేర్కొన్న మరొక బృందం ‘నకల్‌వాలీలు’, అంటే అనుకరణలు చేసి నవ్వించే స్త్రీలు.

నకల్ అంటే అనుకరణ. ఒక మనిషి రకాన్ని, వృత్తిని, ఒక చిన్న తగాదాను కొద్ది నిమిషాలలో ఆడి చూపి, చివరి మాటతో నవ్వు పుట్టించి ముగించే పొట్టి ఘట్టం ఇది. బ్రిటిష్ టెలివిజన్‌లో స్కెచ్ అనే పేరుతో 1960ల నుంచి రచయితల బృందాలు వారం వారం రాసి నిలబెట్టిన ప్రక్రియకు నిర్మాణంలో ఇది చాలా దగ్గరగా ఉంటుంది: కథ అక్కరలేదు, పాత్రకు పూర్వచరిత్ర ఉండదు, ముగింపు మాటే ప్రాణం. ఉత్తర భారతంలో దీనిని తరతరాలుగా ఆడినవారు భాండ్‌లు అనే వృత్తి నటులు. పెళ్లిళ్లలో, మహఫిల్‌లలో (పాట కచేరీలలో) పాటకూ పాటకూ నడుమ వారు ప్రవేశించేవారు. పిలిచిన ఇంటివారినే వేళాకోళం చేసే స్వేచ్ఛ వారికి ఉండేది. వారి పద్ధతికి లక్నోలో చెప్పుకొనే ఒక ఘట్టం మచ్చు. ఒక ధనికుడు చిరిగిన పాత శాలువాను భాండ్‌కు బహుమానంగా ఇచ్చాడు. వాడు దాన్ని విప్పి, కళ్లు చిట్లించి, ఏదో చదువుతున్నట్టు నిలబడ్డాడు. ఏమి రాసి ఉందని తోటివాడు అడిగితే, దేవుడొక్కడేనన్న కలిమాలోని మొదటి సగాన్ని మాత్రమే చదివాడు. ప్రవక్త పేరున్న రెండో సగం ఏదని అడిగితే, అదెలా ఉంటుంది, ఈ శాలువా ఆయన పుట్టకముందు నేసింది కదా అన్నాడు. దాత పిసినారితనం అనే మాట ఎక్కడా రాలేదు; సభకు మాత్రం తెలిసిపోయింది.

చదువుకొన్న కవులు ఈ నటులను తమ సరసన కూర్చోబెట్టుకోలేదు. వారి మాటలను రాసిపెట్టడం కూడా అరుదు. వాజిద్ అలీ నకల్‌లను రహస్‌ల పక్కన ‘బానీ’లో చేర్చడం అందువల్ల గమనించదగినది. నాటకశాస్త్రంలో శృంగారానికి ఇచ్చిన కాగితాన్నే నవ్వుకూ ఇచ్చారు. పైగా సంప్రదాయం ప్రకారం పురుషులదైన ఈ వృత్తిలో స్త్రీల బృందాన్ని నిలిపారు. అయితే ఒక పరిమితిని కూడా చెప్పాలి. భాండ్ హాస్యపు పదును యజమాని ముఖం మీదనే ఎగతాళి చేయడంలో ఉంది. రచయితే యజమాని, జీతమిచ్చేవాడు, అనేక సందర్భాలలో నటికి భర్త కూడా అయినచోట ఆ పదును నిలవదు. మెటియాబ్రుజ్ నకల్‌లు కూర్పులో నేర్పున్నవే గాని, ఎవరినీ కలవరపెట్టేవి కావు.

గోడ అవతల అదే కాలంలో నవ్వు రాజకీయమైంది. 1872లో కలకత్తాలో బెంగాలీ వృత్తి నాటకశాల నేషనల్ థియేటర్ మొదలైంది. వేల్స్ యువరాజు పర్యటనలో ఒక బెంగాలీ వకీలు ఆయనను తన ఇంటి అంతఃపురానికి ఆహ్వానించిన ఉదంతం మీద 1876లో గ్రేట్ నేషనల్ థియేటర్ ‘గజదానంద ఓ యువరాజ్’ అనే ప్రహసనం ఆడింది. పోలీసులు ఆపారు, ఆ ఏడాదే నాటక ప్రదర్శనల చట్టం వచ్చింది. మదరాసు ప్రెసిడెన్సీలో తెలుగు నాటకాలను కూడా తరువాతి దశాబ్దాల్లో నిషేధించడానికి అక్కరకు వచ్చిన ఈ చట్టం ఒక హాస్య నాటిక పుణ్యమే. ఇదే 1876లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ‘హాస్య సంజీవని’ పత్రికను ప్రారంభించి, ‘బ్రహ్మ వివాహం’ ప్రహసనంతో వృద్ధుల పెళ్లిళ్లను ఎగతాళి చేశారు. ‘బానీ’ ఆ మరుసటి ఏడాదిది. మూడుచోట్లా హాస్యం రాసినవారే. ఎవరిని నవ్వించాలనుకొన్నారన్నదే వేరు.

అయినా మెటియాబ్రుజ్ పూర్తిగా మూసిన కోట కాదు. సంగీత పండితుడు శౌరీంద్రమోహన్ ఠాగూర్ వంటి కలకత్తా ప్రముఖులకు ఆ దర్బారుతో పరిచయముండేది; అక్కడి ఉస్తాదులు నగరంలో బెంగాలీ శిష్యులకు పాఠాలు చెప్పేవారు. తుమ్రీ (భావాన్ని సాగదీసి పలికే లఘు శాస్త్రీయ గేయం) బెంగాల్‌లో వేళ్లూనడానికి ఇది ప్రధాన కారణాలలో ఒకటి. ఆయనదిగా ప్రసిద్ధమైన ‘బాబుల్ మోరా’ తుమ్రీని 1938లో ‘స్ట్రీట్ సింగర్’ చిత్రంలో కె.ఎల్. సైగల్ పాడడంతో లక్నో, కలకత్తాల పేరు వినని ఊళ్లకూ అది చేరింది.

మరణానంతరం

వాజిద్ అలీ షా 1887 సెప్టెంబరులో మెటియాబ్రుజ్‌లో మరణించారు. సమాధి సిబ్తైనాబాద్ ఇమాంబారాలో ఉంది. ప్రభుత్వం ఆయన ఆస్తిని వారసులకు ముక్కలుగా పంచి, జంతువులను, వస్తువులను వేలం వేసి, దర్బారు ఆనవాళ్లు మిగలకుండా చేసింది. నటబృందాలు చెదిరిపోయాయి. 1892లో ఖిదిర్‌పూర్ రేవు తెరుచుకొన్నాక నదీతీరం గిడ్డంగుల పాలయింది. నేటి మెటియాబ్రుజ్ పేరు చెబితే కోల్‌కతా వారికి తట్టేది తయారుదుస్తుల సంత, ఇంటింటా కుట్టుయంత్రాలు, ఆ పనిని నడిపే ‘ఉస్తాగర్’లనే దర్జీ మేస్త్రీలు.

తెలుగువారికి ఈ చోటు మరొక పేరుతో సుపరిచితం. బెంగాల్ నాగపూర్ రైల్వే తన ప్రధాన కార్యాలయాన్ని గార్డెన్ రీచ్‌లో కట్టుకొంది. దాని వారసురాలైన ఆగ్నేయ రైల్వే కింద వాల్తేరు డివిజన్ 2003 వరకు ఉండటంతో, విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల రైల్వే కుటుంబాలలో బదిలీ కాగితాలు, పింఛను ఫైళ్లు ‘గార్డెన్ రీచ్ వెళ్లాయి’ అన్నది నిత్యం వినబడిన మాట. అక్కడి బీఎన్ఆర్ హౌస్ ఒకప్పుడు వాజిద్ అలీ నివసించిన బంగళాగా ప్రసిద్ధం.

రంగస్థలపు దారి కూడా ఒకటి ఉంది. ‘ఇందర్ సభ’ను పార్సీ నాటక కంపెనీలు దేశమంతా తిప్పాయి. పరీలు, పాటలు, తెరల మార్పులతో కూడిన ఆ హిందుస్తానీ నాటక ధోరణి కోస్తా రేవు పట్టణాలకూ చేరగా, 1880లలో మచిలీపట్నంలో నాదెళ్ల పురుషోత్తమ కవి హిందుస్తానీ భాషలో ముప్పైకి పైగా నాటకాలు రాసి ఆడించారు; అవి రాసుకొన్నది తెలుగు లిపిలో. తెలుగునాట పద్యనాటకం నిలదొక్కుకొనే ముందటి ఈ ఘట్టానికి సాహిత్య చరిత్రలు సాధారణంగా ఒక పేరా మించి ఇవ్వవు.

1977లో సత్యజిత్ రాయ్ ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా తీసిన ‘శత్‌రంజ్ కే ఖిలాడీ’లో అమ్జద్ ఖాన్ ధరించిన వాజిద్ అలీ పాత్ర ఈ రాజును దేశానికి మళ్లీ పరిచయం చేసింది, కథ మాత్రం 1856తో ఆగిపోతుంది గనుక, మెటియాబ్రుజ్ రచయిత అందులో కనిపించడు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1957లో మసూద్ హసన్ రిజ్వీ అదీబ్ ‘లక్నో కా షాహీ స్టేజ్’ గ్రంథంలో ‘రాధా కన్హయ్యా కా కిస్సా’ను వెలుగులోకి తెచ్చారు. ఉర్దూ నాటకాన్ని ‘ఇందర్ సభ’తో, 1853 నుంచి మొదలుపెట్టే లెక్క ఆ గ్రంథంతో పదేళ్లు వెనక్కి జరిగింది.